సొంత వృత్తిలో ప్రయాణ ఖర్చు: పన్ను లెక్కలో ఇంకా తెగని పేచీ

జీతం మీద పనిచేసేవాళ్లు ఆఫీసు పని మీద ఊరెళ్తే ఆ ఖర్చు యజమాని లెక్కలో పడుతుంది. టికెట్టు, హోటల్ బిల్లు, ఆటో చార్జీ కాగితాలు కంపెనీ అకౌంట్స్ విభాగానికి ఇచ్చేస్తే వాళ్ల పని అయిపోతుంది. సొంతంగా ప్రాక్టీసు పెట్టుకున్న డాక్టరు, లాయరు, ఆర్కిటెక్టు, ఇంజనీరింగ్ కన్సల్టెంటు, బీమా ఏజెంటు వంటివాళ్లకు ఆ వెసులుబాటు లేదు. ఖర్చు పెట్టేదీ వాళ్లే, అది పని కోసమేనని నిరూపించుకోవలసిందీ వాళ్లే. అదే కారులో ఉదయం సైటుకు వెళ్లి సాయంత్రం పిల్లల్ని ట్యూషన్ నుంచి తీసుకొస్తే, ఆ రోజు పోసిన పెట్రోలులో ఎంత భాగం వృత్తి ఖర్చు? ఈ చిన్న ప్రశ్న మీద మన దేశంలో దశాబ్దాలుగా తీర్పులు వస్తూనే ఉన్నాయి.

చిక్కు ముడి ఇటీవల మరింత బిగిసింది. వృత్తి నిపుణులకు 2016లో ప్రిజంప్టివ్ పద్ధతి (వసూళ్లలో నిర్ణీత భాగాన్నే ఆదాయంగా లెక్కించేది) వచ్చింది. 2017లో జీఎస్టీ, 2022లో వ్యాపార సౌకర్యాల మీద టీడీఎస్ కోసే సెక్షన్ 194ఆర్ వచ్చాయి. 2026 ఏప్రిల్ 1 నుంచి 1961 నాటి ఆదాయపు పన్ను చట్టం స్థానంలో 2025 చట్టం అమల్లోకి వచ్చేలా పార్లమెంటు నిర్ణయించింది. వీటిలో ఏదీ ప్రయాణ ఖర్చు కోసమే పుట్టింది కాకపోయినా ప్రతి ఒక్కటీ దాన్ని తాకుతుంది. అందుకే ఇప్పటిదాకా ఏది తేలింది, ఏది తేలలేదు అన్నది ఒకసారి సరిచూసుకోవడం అవసరం.

మూల సూత్రం ఎలా వచ్చింది

1961 చట్టంలోని సెక్షన్ 37(1) అన్నిటికీ ఆధారం. ఖర్చు పూర్తిగా, కేవలం వ్యాపారం లేదా వృత్తి కోసమే అయి ఉండాలి. అది సొంత ఖర్చు కాకూడదు, మూలధన ఖర్చూ కాకూడదు. ఈ సూత్రం మనకు ఇంగ్లండు నుంచి వచ్చింది. 1922 నాటి చట్టంలోని సెక్షన్ 10(2)(15)లోనూ ఇదే ఉంది.

1961 బిల్లు మొదటి రూపంలో ‘పూర్తిగా, అవసరంగా, కేవలం’ అని మూడు షరతులు ఉండేవి. వ్యాపార వర్గాలు అభ్యంతరం చెప్పడంతో ‘అవసరంగా’ అన్నది తీసేశారు. సుప్రీంకోర్టు 1979లో ససూన్ జె. డేవిడ్ కేసులో ఈ చరిత్రను గుర్తుచేసి, ఖర్చు తప్పనిసరి కాకపోయినా వ్యాపారం కోసం పెట్టినదైతే చాలని తేల్చింది. అంతకు ముందు, 1973లో, ధన్‌రాజ్‌గిర్‌జీ కేసులో కూడా ఎంత ఖర్చు పెట్టాలో, ఎలా పెట్టాలో శాఖ నిర్దేశించకూడదని చెప్పింది. ఈ రెంటినీ కలిపి చూస్తే ప్రయాణం విషయంలో ఒక సంగతి స్పష్టం. హైదరాబాదు నుంచి వైజాగ్‌కు రైల్లో వెళ్లే వీలుండగా విమానంలో ఎందుకు వెళ్లావని అధికారి నిలదీయలేడు. వెళ్లింది పని మీదేనా అని మాత్రం అడగగలడు.

అయితే ప్రభుత్వం ఒకప్పుడు ఈ స్వేచ్ఛకు పరిమితులు పెట్టింది. సెక్షన్ 37(3), దాని కింద రూల్ 6డి అమల్లో ఉన్న రోజుల్లో ప్రయాణంలో బస, భోజనాల ఖర్చుకు రోజువారీ పరిమితులుండేవి. 1997 ఆర్థిక చట్టం ఆ ఉపసెక్షన్‌ను 1998 ఏప్రిల్ 1 నుంచి తొలగించింది. అప్పటి నుంచి పై పరిమితి లేదు. కానీ అందరికీ తెలిసిన ప్రామాణిక రేటు కూడా లేకుండా పోయింది. నా ఉద్దేశంలో నేటి గొడవల్లో సగం ఈ ఖాళీ నుంచే పుట్టాయి.

పని ఎక్కడ మొదలవుతుంది

ఇంటి నుంచి పని చోటుకు చేసే రోజువారీ ప్రయాణం సొంత ఖర్చు అన్నది దాదాపు ప్రపంచమంతా ఒప్పుకున్న మాట. పేచీ అంతా పని చోటు ఏది అన్న దగ్గర వస్తుంది. మన అధికారులూ ట్రిబ్యునళ్లూ ఈ విషయంలో ఇంగ్లీషు కోర్టుల ఆలోచనకు దగ్గరగా నడుస్తారు కాబట్టి ఆ తీర్పులు తెలుసుకోవడం అవసరం.

1952లో న్యూసమ్ కేసు. లండన్‌లోని లింకన్స్ ఇన్‌లో చాంబర్లు ఉన్న ఒక బారిస్టరు విప్‌స్నేడ్ అనే పల్లెలో ఇంట్లో కూర్చుని కూడా కేసులు చదివేవాడు. ఇంటికీ చాంబర్లకూ మధ్య తిరిగిన చార్జీలు వృత్తి ఖర్చేనన్నాడు. అప్పీలు కోర్టు ఒప్పుకోలేదు. ఆయన అంత దూరం ప్రయాణించడానికి కారణం వృత్తి కాదని, అక్కడ నివసించాలనుకోవడమేనని చెప్పింది. 1971లో హార్టన్ కేసు దీనికి ఎదురు కొస. ఈస్ట్‌బోర్న్‌లో ఉండే ఒక తాపీమేస్త్రీ పనిముట్లు ఇంట్లోనే పెట్టుకుని, లెక్కలు ఇంట్లోనే రాసుకుని, కొద్ది వారాలకొకసారి మారే సైట్లకు తిరిగేవాడు. అతనికి ఇల్లే పని కేంద్రమని కోర్టు ఒప్పుకుని ఖర్చు అనుమతించింది. 2014లో సమాడియన్ అనే డాక్టరు కేసు మధ్యలో గీత గీసింది. ఇంట్లో ఆఫీసు ఉన్న మాట నిజమే అయినా, క్రమం తప్పకుండా వెళ్లే ప్రైవేటు ఆస్పత్రికి ఇంటి నుంచి చేసిన ప్రయాణం వృత్తి ఖర్చు కాదని ఆ డాక్టరుకు చెప్పింది. రోగుల ఇళ్లకు వెళ్లి చూసిన ప్రయాణాలు మాత్రం చెల్లాయి. బ్రిటన్‌లో ప్రైవేటు ప్రాక్టీసు చేసే తెలుగు డాక్టర్లకు నేడు వర్తించే సూత్రం ఇదే.

ఈ కొలబద్దను మన దగ్గర పెట్టి చూస్తే ఎవరి పరిస్థితి ఏమిటో తెలుస్తుంది. విజయవాడలో ఇంటి నుంచే పనిచేస్తూ ఏలూరు, గుడివాడ, తెనాలి సైట్లకు తిరిగే స్ట్రక్చరల్ ఇంజనీరు ఆ మేస్త్రీకి దగ్గర. వారంలో మూడు రోజులు ఒకే కార్పొరేట్ ఆస్పత్రిలో కూర్చునే కన్సల్టెంట్ సర్జన్ ఆ డాక్టరుకు దగ్గర. ఉదయం కూకట్‌పల్లి క్లినిక్, మధ్యాహ్నం సికింద్రాబాద్ ఆస్పత్రి చూసుకునే డాక్టరుకు రెండు పని చోట్ల మధ్య ప్రయాణం నిస్సందేహంగా వృత్తి ఖర్చు. ఇంటి నుంచి మొదటి చోటికి వెళ్లేదీ, చివరి చోటి నుంచి ఇంటికి వచ్చేదీ మాత్రం వాదానికి లోబడినవే.

కారు, ఐదో వంతు కోత

విమానం టికెట్టుకైనా హోటల్ బిల్లుకైనా ఒక తేదీ, ఒక ఊరు, ఒక కారణం ఉంటాయి. కారుకు అలాంటి గీత లేదు. సొంత వృత్తిదారు పన్ను లెక్కలో ఎక్కువగా నలిగేది కారు ఖర్చే.

చట్టం చెప్పేది సూటిగానే ఉంది. కారుపై ఏటా 15 శాతం తరుగుదల రాసుకోవచ్చు. కొన్న సంవత్సరంలో 180 రోజుల కంటే తక్కువ వాడితే అందులో సగం. పెట్రోలు, ఇన్సూరెన్సు, సర్వీసింగ్, డ్రైవరు జీతం, కారు అప్పు మీద వడ్డీ ఖర్చు కిందికి వస్తాయి. కారు పాక్షికంగానే పనికి వాడితే సెక్షన్ 38(2) ప్రకారం న్యాయమైన మేరకే తరుగుదల, ఇతర ఖర్చులు చెల్లుతాయి. ఆ న్యాయమైన మేర ఎంత అన్నది చట్టం చెప్పలేదు.

ఆచరణలో ఏం జరుగుతుందంటే, లాగ్ బుక్ లేదన్న ఒక్క కారణంతో అసెసింగ్ అధికారి మొత్తం కారు ఖర్చులో ఐదో వంతు, ఒక్కోసారి పదో వంతు, సొంత వాడకం కింద కొట్టేస్తాడు. ఏ బిల్లులో ఏ లోపం ఉందో చూపకుండా ఇలా గుండుగుత్తగా కోయడం తప్పని కొన్ని ట్రిబ్యునల్ బెంచీలు కొట్టివేశాయి. ఇంట్లో వేరే వాహనం లేనప్పుడు కొంత సొంత వాడకం ఉంటుందన్నది సహజమేనని మరికొన్ని బెంచీలు పది శాతానికి తగ్గించి సరిపెట్టాయి. రెండు రకాల తీర్పులూ నేటికీ వస్తున్నాయి.

లెక్క వేసి చూస్తే అన్యాయం ఎక్కడుందో తెలుస్తుంది. 10 లక్షల రూపాయల కారు అనుకుందాం. మొదటి ఏడాది తరుగుదల 1.5 లక్షలు, పెట్రోలు 1.2 లక్షలు, ఇన్సూరెన్సు, సర్వీసింగ్ కలిపి 50 వేలు. మొత్తం 3.2 లక్షలు. ఐదో వంతు కోస్తే 64 వేలు పోయి 2.56 లక్షలు మిగులుతుంది. నిజానికి కారును తొంభై శాతం పనికే వాడిన ఇంజనీరుకు చెల్లవలసింది 2.88 లక్షలు. సగం మాత్రమే పనికి వాడినవాడికి చెల్లవలసింది 1.6 లక్షలు. గుండుగుత్త కోత మొదటివాడికి 32 వేలు నష్టం చేస్తుంది, రెండోవాడికి 96 వేలు లాభం చేస్తుంది. నిజాయితీగా తిరిగినవాడిని శిక్షించి, ఇంటి ఖర్చును వృత్తిలో కలిపినవాడిని వదిలేసే పద్ధతిని న్యాయమైన మేర అనడం కష్టం.

దీనికి తోడు ఇంకో వ్యత్యాసం ఉంది. 2002లో గుజరాత్ హైకోర్టు సాయాజీ ఐరన్ కేసులో, కంపెనీ చట్టపరమైన వ్యక్తి మాత్రమే కాబట్టి దానికి సొంత వాడకమనేది ఉండదని, డైరెక్టర్లు కారు వాడుకున్నారని కంపెనీ ఖర్చు కోయకూడదని తేల్చింది. డైరెక్టరు సొంత వాడకాన్ని అతని జీతంలో పెర్క్విజిట్‌గా (అదనపు సౌకర్యంగా) కలుపుతారు, నిజమే. కానీ 1962 రూల్స్ ప్రకారం, 1.6 లీటర్ల లోపు ఇంజిన్ ఉన్న కంపెనీ కారును పనికీ సొంతానికీ వాడుకుంటే, నిర్వహణ ఖర్చంతా కంపెనీదే అయినా ఆ విలువ నెలకు 1,800 రూపాయలు. ఏడాదికి 21,600. పై ఉదాహరణలో సొంత వృత్తిదారుకు పడిన కోత 64 వేలు. ఒకే రకం కారు, ఒకే రకం వాడకం. తేడా అంతా కాగితం మీద యజమాని ఎవరన్న దాంట్లోనే ఉంది.

ప్రిజంప్టివ్ పద్ధతి: ఉపశమనమా, ముసుగా

2016 ఆర్థిక చట్టం తెచ్చిన సెక్షన్ 44ఏడీఏ చాలామంది వృత్తిదారులకు ఈ తలనొప్పే లేకుండా చేసింది. వసూళ్లు ఏడాదికి 50 లక్షల లోపు ఉన్న డాక్టర్లు, లాయర్లు, ఇంజనీర్లు, ఆర్కిటెక్టులు, అకౌంటెంట్లు, సినిమా కళాకారులు వసూళ్లలో సగాన్ని ఆదాయంగా చూపితే చాలు. నగదు వసూళ్లు 5 శాతం మించకపోతే ఆ పరిమితిని 2023లో 75 లక్షలకు పెంచారు. వ్యాపారాలకు సెక్షన్ 44ఏడీ ఉంది. బ్యాంకు ద్వారా వచ్చిన టర్నోవరు మీద 6 శాతం, మిగతా దాని మీద 8 శాతం చూపాలి. కమీషన్ మీద బతికే ఏజెంట్లకు మాత్రం 44ఏడీ వర్తించదు. ఎండలో ఇంటింటికీ తిరిగే బీమా ఏజెంటు ఈ వెసులుబాటుకు బయటే ఉండి, సెక్షన్ 37 కిందే ప్రతి ఖర్చుకూ రుజువు చూపాలి.

ఈ పద్ధతిలో ప్రయాణ ఖర్చును విడిగా చూపే వీలు లేదు. అన్ని ఖర్చులూ ఆ మిగతా సగంలోనే కలిసిపోయాయని చట్టం భావిస్తుంది. ఆఫీసులో కూర్చుని డిజైన్లు గీసే ఆర్కిటెక్టుకు ఇది వరం. జిల్లాలు తిరుగుతూ సైట్లు పరిశీలించే జియోటెక్నికల్ కన్సల్టెంటుకు ఇదే భారం కావచ్చు. 40 లక్షల వసూళ్లలో అతనికి 24 లక్షలు ఖర్చయితే నిజ ఆదాయం 16 లక్షలు. చట్టం దాన్ని 20 లక్షలుగా లెక్కిస్తుంది. నిజం చూపుకోవాలంటే సెక్షన్ 44ఏఏ కింద పూర్తి లెక్కలు రాసి, 44ఏబీ కింద టాక్స్ ఆడిట్ చేయించుకోవాలి. చిన్న వృత్తిదారుకు ఆడిట్ ఫీజు, ఆ శ్రమ కలిపి చూస్తే చాలాసార్లు ఎక్కువ పన్ను కట్టడమే తేలిక అనిపిస్తుంది. అలా తలొగ్గినవాళ్ల ఖర్చు ఏ తీర్పులోకీ రాదు, కాబట్టి ఈ ఇబ్బంది ఎంతమందిదో బయటికి కనిపించదు.

ఒక అపోహను ఇక్కడే తొలగించాలి. కొత్త పన్ను విధానం ఎంచుకుంటే ఏ మినహాయింపూ రాదని ఒక ప్రచారం ఉంది. 80సీ వంటివి పోతాయి గానీ, సెక్షన్ 37 కింద వచ్చే వృత్తి ఖర్చులు పోవు. అవి మినహాయింపులు కావు, ఆదాయం లెక్కించడంలో భాగం.

క్లయింటు తిరిగి ఇచ్చిన ఖర్చు

ఈ మధ్య ఎక్కువ గందరగోళం పుట్టించింది ఇదే. కన్సల్టెంటు తన డబ్బుతో టికెట్టు కొని, బిల్లుతో పాటు ఆ మొత్తాన్ని క్లయింటు దగ్గర వసూలు చేసుకుంటాడు. అది ఆదాయమా, కేవలం చేయి మారిన డబ్బా?

ఒకే ఇన్వాయిసులో ఫీజుతో కలిపి వేస్తే మొత్తం మీద టీడీఎస్ కోయాలని 1995లో కేంద్ర ప్రత్యక్ష పన్నుల బోర్డు (సీబీడీటీ) ఇచ్చిన 715వ సర్క్యులర్ చెబుతుంది. 2022 జూలై 1 నుంచి సెక్షన్ 194ఆర్ వచ్చింది. వ్యాపార సంబంధంలో ఏడాదికి 20 వేల రూపాయలు మించి ఇచ్చే లాభం లేదా సౌకర్యం మీద 10 శాతం టీడీఎస్ కోయాలి. అదే ఏడాది ఇచ్చిన 12వ సర్క్యులర్ ప్రకారం, హోటల్ బిల్లు కన్సల్టెంటు పేరున ఉండి క్లయింటు చెల్లిస్తే అది కన్సల్టెంటుకు దక్కిన సౌకర్యం. బిల్లు క్లయింటు పేరునే ఉంటే కాదు. బిల్లు మీద ఎవరి పేరుందన్న దాన్ని బట్టి పన్ను మారిపోతుంది. ఈ బాధ కొంత తగ్గించడానికి 18వ సర్క్యులర్ వచ్చింది. ఆ ఖర్చు ఫీజులోనే కలిసి, దాని మీద ఇప్పటికే వేరే సెక్షన్ కింద టీడీఎస్ కోసి ఉంటే మళ్లీ 194ఆర్ అవసరం లేదంది.

ఫార్మా కంపెనీలు డాక్టర్లకు ఇచ్చే ఉచిత సౌకర్యాల మీద 2022 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు ఇచ్చిన ఎపెక్స్ లేబొరేటరీస్ తీర్పునూ ఈ సందర్భంలోనే చూడాలి. ఆ ఖర్చు కంపెనీకీ చెల్లదని కోర్టు తేల్చింది. డీలర్లకు కంపెనీలు ఏర్పాటు చేసే విదేశీ మీటింగుల విషయంలో 12వ సర్క్యులరే గీత గీసింది. ముఖ్య ఉద్దేశం వ్యాపార చర్చ అయితే అది సౌకర్యం కాదు. వెంట వచ్చిన కుటుంబ సభ్యుల ఖర్చు, విహారం, మీటింగుకు ముందో తర్వాతో అదనంగా ఉన్న రోజులు మాత్రం సౌకర్యమే. ఈ గీత నాకు సమంజసంగానే కనిపిస్తుంది.

ఇంతవరకూ తేలనిది ప్రిజంప్టివ్ లెక్కలో రీయింబర్స్‌మెంటు సంగతి. ఫీజు 6 లక్షలు, తిరిగి వచ్చిన ప్రయాణ ఖర్చు 4 లక్షలు అనుకుందాం. మొత్తం 10 లక్షలూ వసూళ్లే అయితే ఆదాయం 5 లక్షలు. ఫీజు మాత్రమే వసూళ్లయితే 3 లక్షలు. చమురు సేవల కంపెనీలకు వర్తించే సెక్షన్ 44బీబీ కింద, యంత్రాలను తరలించినందుకు ఇచ్చే మొబిలైజేషన్ ఫీజు కూడా వసూళ్లలో భాగమేనని 2017లో సెడ్కో ఫోరెక్స్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. అది ఒప్పందంలో ఖరారైన మొత్తమే గానీ, అసలు ఖర్చును తిరిగి ఇవ్వడం కాదు. ఈ తేడా 44ఏడీఏ వృత్తిదారుకు అనుకూలిస్తుందన్నది ఒక వాదం. శాఖ దగ్గరుండే వార్షిక సమాచార పత్రం (ఏఐఎస్)లో 10 లక్షలు కనిపిస్తుండగా రిటర్నులో 6 లక్షలు చూపితే నోటీసు రావడం ఖాయమన్నది రెండో వాస్తవం. చాలామంది ఆడిటర్లు పది లక్షలూ చూపించమనే సలహా ఇస్తారు. అందులో భయం పాలు ఎక్కువ, చట్టం పాలు తక్కువ.

బెజవాడ హోటల్ బిల్లు

జీఎస్టీ రిజిస్ట్రేషన్ ఉన్నవారికి ఇంకో చిక్కు. హోటల్ బస ఎక్కడ ఉంటే సేవ అక్కడే జరిగినట్టు. తెలంగాణలో మాత్రమే రిజిస్టరైన కన్సల్టెంటు విజయవాడలో బస చేస్తే బిల్లు మీద పడేది సీజీఎస్టీ, ఆంధ్రప్రదేశ్ ఎస్‌జీఎస్టీ. ఆ రెంటికీ అతనికి క్రెడిట్ (కట్టిన పన్నును తన జీఎస్టీలో సర్దుకునే వీలు) రాదు. అదే ప్రయాణంలో విమానం టికెట్టు తన జీఎస్టీ నంబరు మీద తీసుకుంటే క్రెడిట్ దొరుకుతుంది. పదమూడు సీట్ల లోపు కారు కొన్నప్పుడు కట్టిన జీఎస్టీకి మామూలు వృత్తిదారుకు క్రెడిట్ లేదు. క్రెడిట్ రాని పన్నును ఆదాయపు పన్ను లెక్కలో ఖర్చుగానో, కారు విలువలో కలిపో రాసుకోవచ్చు. క్రెడిట్ తీసుకున్న దాన్ని మళ్లీ ఖర్చు రాయకూడదు.

మూడు వాదాలు

వీటన్నిటి వెనక మూడు ఆలోచనా ధోరణులున్నాయి. మొదటిది కాగితం వాదం. రుజువు లేని ఖర్చు ఖర్చే కాదంటుంది. ఒకరికి ఒకే రోజు 10 వేల రూపాయలు మించి నగదు ఇస్తే ఖర్చు చెల్లదనే సెక్షన్ 40ఏ(3) దీనికి బలం. శాఖకు ఇష్టమైన వాదం ఇదే. దీని లోపం చేతికి తెలుస్తుంది. పెట్రోలు బంకులో ఇచ్చే థర్మల్ కాగితం రసీదు మీద అక్షరాలు కొద్ది నెలల్లో మాసిపోతాయి. పరిశీలనకు పిలిచే నాటికి ఆడిటర్ ఫైల్లో మిగిలేది తెల్ల కాగితం. ఫాస్టాగ్ స్టేట్‌మెంటు, యూపీఐ చరిత్ర కొంత ఆదుకుంటాయి గానీ, ఏ క్లయింటు కోసం వెళ్లారో అవి చెప్పవు.

రెండోది వ్యాపార స్వేచ్ఛ వాదం. ససూన్ తీర్పు దీని మూలం. ఖర్చు వృత్తి కోసమేనని మొత్తం మీద నమ్మదగినట్టు ఉంటే చాలు, బిల్లు బిల్లుకూ తవ్వొద్దంటుంది. విదేశీ ప్రయాణంలో భార్య వెంట వెళ్లిన కేసుల్లో హైకోర్టులు రెండు వైపులా తీర్పులిచ్చాయంటే, ఈ వాదానికి కూడా గట్టి హద్దులు లేవనే అర్థం.

మూడోది రేటు వాదం. కిలోమీటరుకు ఇంత అని నిర్ణయించి, ఇష్టమైనవారిని ఆ దారిన పోనివ్వాలంటుంది. బ్రిటన్‌లో 2025-26లో కారుకు మొదటి 10 వేల మైళ్లకు మైలుకు 45 పెన్నీలు, ఆ పైన 25 పెన్నీలు. అమెరికాలో 2025కు మైలుకు 70 సెంట్లు. అక్కడ సొంతంగా కన్సల్టింగ్ చేసే తెలుగువాళ్లు అసలు ఖర్చు, ఈ రేటు రెంటిలో తమకు నప్పేది ఎంచుకుంటారు. ఆస్ట్రేలియాలో 2024-25లో కిలోమీటరుకు 88 సెంట్లు, 5 వేల కిలోమీటర్ల దాకా. అంతకంటే ఎక్కువ తిరిగేవారు వరుసగా 12 వారాలు లాగ్ బుక్ రాస్తే, అందులో తేలిన నిష్పత్తి ఐదేళ్లు చెల్లుతుంది. ఈ మూడు దేశాల్లోనూ ఎవరు ఎంత తిరిగారన్న లెక్క రాసుకోవాల్సిందే. రేటు వల్ల తగ్గేది బిల్లుల గొడవ మాత్రమే.

నాకు మూడో దారే మేలనిపిస్తుంది, అందులోనూ ఆస్ట్రేలియా లాగ్ బుక్. తేదీ, మీటరు రీడింగు, వెళ్లిన చోటు, క్లయింటు పేరు, పని అనే అయిదు గళ్లు పన్నెండు వారాలు నింపడం ఏ వృత్తిదారుకూ అసాధ్యం కాదు. అధికారికీ ఐదో వంతు కోతకు బదులు ఒక ఆధారం దొరుకుతుంది.

ఇంకా తేలనివి

2025 చట్టం 44ఏడీ, 44ఏడీఏలను, సరకు వాహనాల యజమానులకు వర్తించే 44ఏఈని కలిపి ఒకే సెక్షన్ 58లో పెట్టింది. పూర్తిగా, కేవలం వృత్తి కోసమే అన్న పాత కొలబద్దను అలాగే ఉంచింది. భాష సరళమైంది గానీ కారు వాడకంలో న్యాయమైన మేర ఎంతన్నది చెప్పలేదు. రీయింబర్స్‌మెంటు వసూళ్లలో భాగమా కాదా అన్నదీ అంతే. ఇంట్లోనే ఆఫీసు పెట్టుకున్నవాడికి ప్రయాణం గుమ్మం దగ్గర మొదలవుతుందా అన్న ప్రశ్నకు పరాయి దేశపు తీర్పులను తిరగేయవలసిన అవసరం తీరలేదు. 1961 చట్టం కింద పెండింగులో ఉన్న పాత సంవత్సరాల కేసులు ఆ చట్టం ప్రకారమే నడుస్తాయి కాబట్టి, ట్రిబ్యునల్ బెంచీల మధ్య భేదం ఇంకొన్నేళ్లు సాగుతుంది. మొదటి మూడింటికీ సీబీడీటీ ఒక సర్క్యులరుతో చాలావరకు జవాబు చెప్పగలదు. కిలోమీటరు రేటుకు మాత్రం సర్క్యులరు చాలదు, చట్టంలోనే చోటు కల్పించాలి.